సానకు ముందు పదును

నా మొదటి కత్తి ప్రాణం నీళ్ల బకెట్‌లో పోయింది. ఎర్రగా కాలిన అలుగును (కత్తి రేకును) ముంచగానే బుస్సుమని ఆవిరి లేచింది, ఆ వెనకే సన్నగా 'టిక్' మన్న చప్పుడు. బయటికి తీసి చూస్తే వాదర (కోసే అంచు) నుంచి వెన్ను వైపు వెంట్రుకంత బీట. మూడు ఆదివారాలు ఆకురాయితో అరగదీసిన పని ఆ ఒక్క చప్పుడుతో సరి. విజయవాడ ఆటోనగర్ పక్కన కొలిమి నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆ బీటను బొటనవేలి గోటితో ఒకసారి గీరి, "సాన పట్టడం వచ్చింది గానీ బాబూ, పదును పెట్టడం రాలేదు" అన్నాడు.

అప్పటిదాకా ఆ రెండూ ఒకటే పని అనుకున్నాను. ఇళ్లలో అందరం అలాగే అంటాం. కత్తిపీట మొద్దుబారితే సాన తిప్పేవాడిని పిలిచి పదును పెట్టమంటాం. కమ్మరి నోట ఆ మాటకు అర్థం వేరు. ఉక్కును కాల్చి, ముంచి, మళ్లీ కొద్దిగా వేడి చూపించి, గట్టిదనాన్నీ సాగుదలనూ సమపాళ్లలో నిలపడం ఆయన దృష్టిలో పదును. వాన పడిన రెండో రోజు గుంటూరు జిల్లా రైతు మట్టిని పిడికిట్లో నొక్కి చూసి 'నేల పదును మీదుంది' అంటాడే, ఆ పదునే ఇదీ. తడి ఎక్కువైతే నాగలికి బురద చుట్టుకుంటుంది, తక్కువైతే గింజ మొలవదు. ఉక్కు కూడా అంతే. గట్టిదనం మితిమీరితే పెచ్చులూడుతుంది, చాలకపోతే వంగుతుంది. సాన రాయి ఈ గుణాన్ని ఇవ్వలేదు. లోపల ఉన్నదాన్ని పైకి తేగలదు, అంతే.

నేను చేయాలనుకున్నది అడవిలో, ఏటి ఒడ్డున గుడారం వేసుకునేవాళ్లు వెంట తీసుకెళ్లే కత్తి. మన మచ్చుకత్తికి తమ్ముడు, కూరగాయల కత్తికి అన్న. ఎండు కొమ్మ నరకాలి, పుల్లలు చీల్చాలి, గూటం చెక్కాలి, రాత్రి ఉల్లిపాయలు కూడా తరగాలి. ఈ పనులు ఒకదానికొకటి పడవు. నరకడానికి బరువు, మందం కావాలి. తరగడానికి పలుచన కావాలి. కొమ్మ మీద పడే దెబ్బను ఓర్చుకోవడానికి సాగుదల కావాలి, వాదర నిలవడానికి గట్టిదనం కావాలి. కాబట్టి ఈ కత్తి ఏ ఒక్క పనిలోనూ అన్నిటికన్నా మేటి కాదు, కాకూడదు కూడా. ఇది తెలియకే చాలామంది వెన్ను 8 మిల్లీమీటర్ల మందంతో చిన్న గడ్డపార లాంటిది చేసి, టమాటా కోయబోతే చితికిపోతోందని వాపోతారు. నేను పెట్టుకున్న కొలతలు ఇవి: అలుగు 8 అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, వెన్ను దగ్గర మందం 5 మిల్లీమీటర్లు.

ఉక్కు సంగతికి వస్తే, ఆటోనగర్ ఉన్న ఊళ్లో పుట్టడం కత్తులు చేసేవాడికి అదృష్టమే. లారీల కింద దొంతరగా ఉండే కమాన్ పట్టీలు ఇక్కడ కిలోల లెక్కన దొరుకుతాయి. వాటిలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.65 శాతం ఉంటుంది. రకాన్ని బట్టి సిలికాన్, మాంగనీసు, క్రోమియం కొద్దికొద్దిగా కలుస్తాయి. టన్నుల బరువుతో గోతుల దారిలో వంగి లేవడానికి చేసిన ఉక్కు కాబట్టి దెబ్బకు ఓర్చుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. ఇళ్ల స్లాబుల్లో వేసే ఇనుప చువ్వల్లో కార్బన్ 0.3 శాతం కూడా దాటదు, ఎంత కాల్చి ముంచినా కత్తికి తగినంత గట్టిపడవు. బేరింగుల ఉక్కులో దాదాపు 1 శాతం ఉంటుంది. అది వాదర బాగా నిలుపుతుంది గానీ వేడి లెక్క కాస్త తప్పినా క్షమించదు. మొదటిసారి చేసేవాడికి కమాన్ పట్టీని మించిన గురువు లేదు.

అయితే ఒక మెలిక. వాడి పారేసిన పట్టీలో కంటికి కనబడని అలసట బీటలు ఉండవచ్చు. అవి కత్తిలోకి వస్తే మీ పనితనాన్ని నిందించుకుంటూ కూర్చుంటారు. కొత్త కమాన్లు కోసేచోట మిగిలే తుంట ముక్క అడిగితే నాలుగు రూపాయలు ఎక్కువైనా సుఖం. లారీ పట్టీలు మందంగా ఉంటాయి, చిన్న వ్యాన్ల పట్టీలు 6, 7 మిల్లీమీటర్లకే దొరుకుతాయి. అరగదీసే చేతులు మీవే కాబట్టి సన్నది తీసుకోండి. ఉక్కు ఏ జాతిదో తెలియనప్పుడు గ్రైండరుకు ఆనించి నిప్పురవ్వలు చూడటం పాత పరీక్ష. మెత్తని ఇనుము రవ్వలు పొడుగు గీతల్లా పోయి ఆరిపోతాయి. కార్బన్ ఉన్న ఉక్కు రవ్వలు చివర్లో కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి.

కమాన్ పట్టీ కొన్న రోజే దానికి డ్రిల్లు దిగదు, ఎందుకంటే అది అప్పటికే పదును పెట్టిన ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి, ఊక బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా వదిలేయాలి. బూడిద వేడిని పోనివ్వక మెల్లగా చల్లారుస్తుంది. పొద్దున తీస్తే ఆకురాయి వెన్నలో దిగినట్టు కాదు గానీ దిగుతుంది. ఆకారం కోయడం, చీలల రంధ్రాలు వేయడం, వాలు అరగదీయడం అన్నీ ఈ మెత్తని దశలోనే పూర్తి చేయాలి. వాదరను మాత్రం పలుచన చేయకుండా 1 మిల్లీమీటరు మందం ఉంచాలి, లేకపోతే ముంచినప్పుడు అప్పడంలా వంకర పోతుంది.

సమ్మెట దెబ్బలతో సాగదీసిన కత్తే అసలైన కత్తి, పట్టీని కోసి అరగదీసింది ఉత్తుత్తిదని ఒక నమ్మకం ఉంది. దెబ్బలకు ఉక్కు కణాలు దగ్గరగా ఒత్తుకుని బలం వస్తుందంటారు. ఉక్కు ఇడ్లీపిండి కాదు, కొడితే అణగదు, పక్కకు జరుగుతుందంతే. సమ్మెట వల్ల వచ్చే లాభం ఆకారం, పదార్థం ఆదా. వెడల్పు పట్టీ నుంచి కొస సాగదీయడం కొలిమిలో పది నిమిషాల పని, ఆకురాయితో పది గంటల పని. బలం వచ్చేదీ పోయేదీ వేడి దగ్గరే. నిజానికి అనుభవం లేనివాడు కొలిమిలో మేలు కన్నా కీడే ఎక్కువ చేయగలడు. అతిగా కాల్చితే పైపొరలో కార్బన్ మాడిపోతుంది, లోపల పలుకు, అంటే ఉక్కు రేణువు, పెద్దదవుతుంది.

ఆ పలుకు సంగతి నాకు ఎలా తెలిసిందంటే, పెద్దాయన నా బీట కత్తిని బెంచికి బిగించి ఒక్క దెబ్బకు విరిచి చూపించాడు. విరిగిన చోట పటికబెల్లం పగలగొట్టినట్టు తళతళలాడే పలుకులు. తరువాత తన పాత కొడవలి ముక్క ఒకటి విరిచి పక్కన పెట్టాడు. కుండపెంకు విరిగినట్టు నునుపైన బూడిదరంగు, మెరుపే లేదు. "నీది చక్కెర, నాది బూడిద. ఎండలో కాల్చావు కదూ?" అన్నాడు. నిజమే, మిట్టమధ్యాహ్నం కాల్చాను. బెజవాడ ఎండలో ఎరుపు కనబడదు. చీకట్లో నారింజపండులా వెలిగే ఉక్కు ఎండలో మసిబొగ్గులా ఉంటుంది, ఇంకా కాలలేదనుకుని ఊదుతూ పోతాం. అందుకే ఆయన పదును పని తెల్లవారుజామున పెట్టుకుంటాడు, లేదంటే తలుపు మూసిన పాకలో. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా కంటికి కొలమానం చీకటే.

కొలిమిలో ఏం జరుగుతుందో ఒకసారి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా చిక్కుముళ్లన్నీ ఇక్కడే పడతాయి. ఇనుము పరమాణువులు ఒక క్రమంలో వరుసలు కట్టి ఉంటాయి. 727 డిగ్రీలు దాటాక ఆ వరుస మారడం మొదలై, కార్బన్ పరమాణువులకు లోపల చోటు దొరుకుతుంది. కమాన్ ఉక్కుకు 830 నుంచి 850 డిగ్రీల దగ్గర కార్బన్ దాదాపు అంతా లోపలికి చేరుతుంది. ఇప్పుడు మెల్లగా చల్లారిస్తే కార్బన్ తాపీగా బయటికి వచ్చి వేరే పొరలుగా సర్దుకుంటుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఊక బూడిదలో మనం చేయించింది అదే. అలా కాక కొన్ని సెకన్లలో చల్లార్చేస్తే, విజయవాడ జంక్షన్లో దిగాల్సినవాళ్లు లేచి నిలబడేలోపే రైలు కదిలినట్టు, కార్బన్ లోపలే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకులో వరుసలు సాగి బిగుసుకుంటాయి. ఆ బిగువు పేరు మార్టెన్‌సైట్. గట్టిదనం అంటే అదే. గాజులా పగిలే గుణమూ అదే.

వేడి సరిపోయిందో లేదో చూడటానికి పేదవాడి ఉష్ణమాపకం అయస్కాంతం. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కర్రకు కట్టిన అయస్కాంతాన్ని తాకించి, అంటుకోని క్షణం నుంచి ఇంకొక ఛాయ ఎక్కేదాకా కాల్చి ఆపాలి. ముంచడానికి ముందు మరొక పని ఉంది, నేను మొదటిసారి ఎగ్గొట్టింది: ఆ వేడికి తీసుకెళ్లి, ఏమీ చేయకుండా గాలిలో చల్లారనివ్వడం, మూడుసార్లు. దీనితో పెద్దదైన పలుకు మళ్లీ సన్నబడుతుంది. నా చక్కెర బూడిదయ్యే దారి ఇదే.

ముంచేది దేనిలో? నీళ్లలో అలుగు మరీ తొందరగా చల్లారుతుంది. పైపొర ముందు మార్టెన్‌సైట్‌గా మారి బిగుసుకుంటుంది, లోపలి భాగం ఆలస్యంగా మారుతుంది. మారేటప్పుడు ఉక్కు పరిమాణం కొద్దిగా పెరుగుతుంది. గట్టిపడిన పెంకు లోపల ఉబ్బితే ఏమవుతుంది? టిక్ మంటుంది. కమాన్ ఉక్కుకు నూనె వేగం చాలు. చాలామంది పాత ఇంజిన్ ఆయిల్ వాడతారు, నాకు ఇష్టం లేదు. ఆ పొగలో ఏ లోహాలు ఉంటాయో ఊపిరితిత్తులకే తెలియాలి. పత్తి గింజల నూనె గానీ పల్లీ నూనె గానీ గుంటూరు ప్రాంతంలో కరువు కాదు. నూనెను 50, 60 డిగ్రీలకు వెచ్చచేయాలి. చల్లని నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, వెచ్చనిది పలచబడి చురుగ్గా లాగుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా పని మాత్రం అలాగే జరుగుతుంది. పాత్ర ఇనుపదై ఉండాలి, పక్కన మూత ఉండాలి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు చల్లకూడదు. అలుగును నిటారుగా దించి, ముందుకూ వెనక్కూ కదపాలి. పక్కలకు ఊపితే వంకర పోతుంది.

తీశాక ఆకురాయితో ఒకసారి గీయండి. గాజు మీద జారినట్టు జారితే పదును ఎక్కినట్టే. ఆ సంబరంలో కిందపడేయకండి, ఆ దశలో అలుగు సిమెంటు నేల మీద పడితే రెండు ముక్కలు కావచ్చు. రేపు చూద్దాంలే అని పక్కన పెట్టకూడదు కూడా, లోపలి బిగువుకు తనంతట తానే పగిలిన అలుగులు ఉన్నాయి.

ఆ బిగువు సడలించడం రెండో సగం. అలుగును మళ్లీ వేడిచేయాలి, ఈసారి 200 నుంచి 240 డిగ్రీలకే. ఇరుక్కున్న కార్బన్ కొంత బయటపడి, కొద్ది గట్టిదనం పోయి బోలెడు ఓర్పు వస్తుంది. కేకులు చేసే చిన్న ఓవెన్ దీనికి చక్కగా పనికొస్తుంది, రెండేసి గంటల చొప్పున రెండుసార్లు. దాని మీటను నమ్మకుండా లోపల ఒక థర్మామీటరు పెట్టండి, ఇరవై డిగ్రీలు అబద్ధం చెప్పడం వాటికి మామూలే. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, నూనె తుడవని అలుగు పెడితే తరువాతి కేకులు కొలిమి వాసన వేస్తాయి. పాత కమ్మరులు దీన్ని రంగులతో చూసేవారు. తోమిన ఉక్కు వేడెక్కేకొద్దీ ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, దాదాపు 300 దగ్గర నీలం. ఇలాంటి కత్తి వాదరకు గడ్డి రంగు ముదిరేదాకా చాలు. రాక్‌వెల్ సి కొలతలో చెప్పాలంటే ముంచిన వెంటనే 60 దాటే గట్టిదనం దాదాపు 56, 57కు దిగుతుంది. వంటింటి విదేశీ కత్తులు 60 అని గొప్పగా రాసుకుంటాయి, వాటితో తుమ్మ కొమ్మ నరికి చూడమనండి.

ఇంత కష్టపడి తెచ్చిన పదును గ్రైండర్ దగ్గర ఒక్క నిమిషంలో పోతుంది. చివరి వాదర తీసేటప్పుడు ఉక్కు నీలిరంగు తిరిగిందంటే ఆ చోటు మెత్తబడినట్టే. చేతికి కాలేలోపే నీళ్లలో ముంచాలి, చేతి తొడుగు లేకుండా పట్టుకోవడం ఇక్కడ మంచిది. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ మాత్రం వదలకూడదు. వాదర కోణం ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీలు.

ఇక పిడి. విజయవాడలో కత్తికి చెక్క అనగానే ఎవరో ఒకరు కొండపల్లి పేరెత్తుతారు. ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి అద్దాల పెట్టెలో కొలువుండాల్సిన చెక్క. దాని గొప్పతనమే తేలిక, మెత్తదనం. పిడికి అవే శత్రువులు. మన పల్లెల్లో పనిముట్లు చేసేవాళ్లు నల్లతుమ్మను ఎందుకు ఎంచుకున్నారో రెండు నెలలు వాడితే అరచేతికే తెలుస్తుంది. గట్టిది, దెబ్బను మింగుతుంది, తేలికగా చీలదు. చింత చేవ కూడా మంచిదే, ఆకురాయికి మాత్రం చుక్కలు చూపిస్తుంది. టేకు ఎండకూ వానకూ పెద్దగా కదలదు, కానీ లోపలి నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికించే ముందు స్పిరిటుతో తుడవాలి. ఇరుగుడు అందం చూసి మురిసిపోయే ముందు ఆ పొట్టు కొందరి చర్మానికీ ఊపిరికీ పడదని గుర్తుంచుకోవాలి. ఎర్రచందనం ముక్క ఉందని ఎవరైనా చెబితే కాగితాలు అడగండి, లేకపోతే కత్తి కన్నా కేసు బరువవుతుంది.

జాతి కన్నా పెద్ద విషయం తేమ. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తడికి ఉబ్బి పొడికి కుంచించుకుపోతుంది. ఇక్కడి మే నెల వడగాలికీ శ్రావణ మాసపు ముసురుకూ మధ్య పచ్చి చెక్క పిడి ఏమవుతుందో నా దగ్గర ఒక నమూనా ఉంది: చీల చుట్టూ బీట, ఉక్కు అంచు ఒక వెంట్రుక వాసి పైకి. కాబట్టి ఏడాది పైగా ఆరిన చెక్క కావాలి. వడ్రంగి దగ్గర పాత గుమ్మాల, దూలాల ముక్కలు అడగడం ఉత్తమం, అవి తాతల కాలం నుంచి ఆరుతున్నాయి. చెక్కలోని ఈనె (నార గీతలు) పిడి పొడవునా సాగాలి, అడ్డంగా వస్తే మొదటి దెబ్బకే విరుగుతుంది.

మన కొడవళ్లకు, కత్తులకు ఉక్కు కాడను ఎర్రగా కాల్చి పిడిలోకి దించి, లక్క పోసి, మూతికి పొన్ను (లోహపు కట్టు) బిగించే పద్ధతి ఉంది. పొన్ను చెక్కను చీలనివ్వదు. కోతకు అది చాలు. నరికే కత్తికి మాత్రం పిడి చివరిదాకా ఉక్కు సాగి, రెండు వైపులా చెక్క బద్దలు అతికి, ఇత్తడి చీలలు పడటం నాకు నచ్చుతుంది. ఎపాక్సీ పూసి బిగించేటప్పుడు బలమంతా చూపిస్తే జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండుతుంది. నెమ్మదిగా బిగించి ఒక రోజు వదిలేయాలి. చీలలను సుత్తితో ఉబ్బించేటప్పుడు కూడా అదే నెమ్మది.

ఆకారం కోసం చపాతీ పిండి ముద్ద నా ఉపాయం. పొడుగ్గా చేసి, కొమ్మ నరుకుతున్నట్టు పిడికిలి బిగిస్తే వేళ్ల ముద్రలు చెబుతాయి ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం ఉండాలో. ఒక్కటి గమనించండి: పిడి గుండ్రంగా ఉండకూడదు, గుడ్డు వాటంగా ఉండాలి. అప్పుడే చీకట్లో కూడా వాదర ఎటు ఉందో చేతికి తెలుస్తుంది. చివర చిన్న గుబ్బ ఉంటే చెమట చేతిలోంచి జారదు, మన ఊళ్లో ఇది అలంకారం కాదు, అవసరం. అద్దంలా మెరిపించకండి, పాలిష్ చెమటకు జారుతుంది. అవిసె నూనె రెండుమూడు పూతలు చాలు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరేటప్పుడు దానిలో పుట్టే వేడికి తనంతట తానే అంటుకోగలదు. పరిచి ఆరేయండి.

ఇది తుప్పు పట్టని ఉక్కు కాదు. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది, ముక్కకు ఇనుప రుచి అంటుతుంది, ఆవకాయ జోలికి తీసుకెళ్లకండి. తుడిచి, నూనె రాసి, తోలు ఒరలో కాక బయట దాచాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

వెంట తీసుకెళ్లడానికి ముందు చట్టం సంగతి. 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగున్న కత్తులను ఆయుధాల నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమల పనులకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. నా 8 అంగుళాల లెక్క అక్కడి నుంచి వచ్చిందే. నల్లమలలో ఉన్నలాంటి అభయారణ్యాల్లో కథ వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్వచనంలో కత్తి కూడా ఆయుధమే, అనుమతి లేకుండా లోపలికి తీసుకెళ్లకూడదు.

రెండో కత్తితో కృష్ణ ఒడ్డున ఎండిన తుమ్మ కొమ్మ ఒకటి నరికాను, ఇరవై ముప్పై దెబ్బలు. తరువాత వాదరను దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను. పెచ్చు ఊడి ఉంటే గట్టిదనం ఎక్కువైనట్టు, ఓవెన్‌లో ఇంకో పది డిగ్రీలు పెంచి మళ్లీ పెట్టాలి. మడత పడి ఉంటే మెత్తబడినట్టు, మళ్లీ కొలిమి మొదటి నుంచి. ఒకచోట బియ్యపు గింజలో సగమంత మెరుపు కనబడింది, వాదర అక్కడ కొద్దిగా పక్కకు ఒరిగింది. పెద్దాయన దగ్గరికి తీసుకెళితే గోటితో గీరి చూసి, "గ్రైండర్ దగ్గర కాలిందిది, ఈ ఒక్కచోటే" అన్నాడు. సాన రాయి తీసి, నీళ్లు చల్లి, ఆ మెత్తబడిన భాగం అరిగిపోయేదాకా తనే పట్టి ఇచ్చాడు.